కీమో తర్వాత మళ్ళీ బడికి: బాబుకి ఏం చెప్పాలి, వాళ్ళ క్లాసుకి ఏం చెప్పాలి?

బ్రాడీపేట అమ్మ (గుంటూరు)

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతూనే ఉన్నాను కానీ రాయడం ఇదే మొదలు. మా బాబుకి పదమూడేళ్ళు నిండాయి. ఎనిమిదో తరగతిలో ఉండగా జ్వరం తగ్గక, కాళ్ళు నొప్పులని ఏడుస్తుంటే రక్తపరీక్ష చేయించాం. ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా, అంటే ఒక రకం రక్త క్యాన్సర్ అన్నారు. పెద్ద కీమోలన్నీ అయిపోయాయి. ఇప్పుడు మెయింటెనెన్స్ అని ఇంట్లోనే మాత్రలు, మధ్యమధ్యలో డే కేర్‌కి వెళ్ళి రావడం. రక్తకణాల కౌంట్స్ బాగున్నాయి, బడికి పంపొచ్చని డాక్టరుగారు చెప్పారు.

స్కూలుకి వెళ్తే ప్రిన్సిపాల్‌గారు కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, ఎంతో మర్యాదగా టీసీ తీసుకోమన్నారు. "వచ్చే ఏడాది చూద్దాం అమ్మా, మిగతా పేరెంట్స్ అడుగుతున్నారు, రేపు ఏదైనా అయితే మాకు మాట వస్తుంది" అని.

ఇంకో సంగతి. వాడికి జబ్బు పేరు చెప్పలేదు. రక్తంలో ఇన్‌ఫెక్షన్ అన్నాం. మా అత్తగారు, మావారు ఇద్దరూ చెప్పొద్దనే అంటున్నారు. బడికి వెళ్తే ఎవడో ఒకడు మొహం మీదే అనేస్తాడు కదా. ఆ టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. ఇదంతా చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

సింగ్‌నగర్ కుర్రోడు (విజయవాడ)

టీసీ ఏంటండీ, స్కూలు వాళ్ళ సొంత జాగీరా! సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టేయండి. పేపరోళ్ళని కూడా పిలవండి. దెబ్బకి దిగొస్తారు.

రిటైర్డ్ హెచ్చెమ్ (తెనాలి)

తమ్ముడూ, పేపరోళ్ళు వస్తే ఫొటో పడేది పిల్లాడిది. మర్నాడు ఊరంతా వాడి జబ్బు గురించే మాట్లాడుతుంది. ఆ పని వద్దు.

అమ్మా, టీసీ మాత్రం తీసుకోకండి. ఒకసారి రోల్లో పేరు తీసేశాక మళ్ళీ చేర్చుకోమంటే కొత్త అడ్మిషన్ ఫీజు, కొత్త సాకులు. విద్యాహక్కు చట్టం చూపించమని చాలామంది సలహా ఇస్తారు. 2009లో వచ్చిన ఆ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి, అదీ ఎనిమిదో తరగతి దాకా. మీవాడు తొమ్మిదికి వచ్చాడు. ఆ మాట ప్రిన్సిపాల్‌కి తెలిసే ఉంటుంది కాబట్టి చట్టంతో మొదలుపెట్టకండి, కాగితంతో మొదలుపెట్టండి.

ఏం కాగితమంటే, వైద్యం చేస్తున్న డాక్టరుగారి లెటర్‌హెడ్ మీద ఉత్తరం. బాబు బడికి రావడానికి ఫిట్‌గా ఉన్నాడు, ఈ జబ్బు ఎవరికీ అంటదు, ఆటల పీరియడ్‌లో ఏం చేయొచ్చో ఏం చేయకూడదో, జ్వరం వస్తే వెంటనే తల్లికి ఫోన్ చేయాలి, నెలలో కొన్ని రోజులు ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తుంది. ఇవన్నీ అందులో ఉండాలి. నేను ముప్పై ఏళ్ళకు పైగా బళ్ళలో పనిచేశాను. హెడ్మాస్టర్లలో నిజంగా రాతిగుండె వాళ్ళు తక్కువ. భయపడేవాళ్ళే ఎక్కువ. పిల్లాడు క్లాసులో కళ్ళు తిరిగి పడితే ఏం చేయాలో తెలియక వద్దంటారు. ఏం చేయాలో రాసి చేతిలో పెడితే సగం మంది మెత్తబడతారు.

హాజరు గురించి కూడా ముందే మాట్లాడండి. సీబీఎస్‌ఈలో అయితే 75 శాతం ఉండాలి, తీవ్రమైన అనారోగ్యానికి మెడికల్ కాగితాలు పెట్టి సడలింపు అడగొచ్చు. స్టేట్ సిలబస్ అయితే పదో తరగతికి వచ్చేలోపే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో కనుక్కోండి. అసలేదీ కుదరకపోతే సార్వత్రిక విద్యాపీఠం ఉండనే ఉంది, పద్నాలుగేళ్ళు నిండితే పదో తరగతి అక్కడ రాయొచ్చు. కానీ అది ఆఖరి మాట. ఇంట్లో ఒక్కడే కూర్చుని చదివితే పరీక్ష గట్టెక్కుతాడేమో గానీ, పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాడు దొరకడు.

మైక్రోస్కోప్ (మొగల్రాజపురం, విజయవాడ)

ఆంటీ, మీ బాబుకి వచ్చిందే నాకూ వచ్చింది, ఏడో తరగతిలో. ఇప్పుడు ల్యాబ్ టెక్నాలజీ కోర్సు చేస్తున్నాను. రోజూ వేరేవాళ్ళ రక్తం స్లైడ్లు చూస్తుంటాను.

మా ఇంట్లోనూ చెప్పలేదు. ఆసుపత్రి గేటు మీద అంతంత అక్షరాలతో క్యాన్సర్ అని రాసి ఉంటే, నాకు తెలుగు చదవడం రాదనుకున్నారు పెద్దవాళ్ళు! నాకు తెలుసని వాళ్ళకి తెలిస్తే అమ్మ ఏడుస్తుందని నేనూ తెలియనట్టే ఉన్నాను. బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని. జబ్బు కన్నా ఆ నటన ఎక్కువ అలసట. ఎవరినీ ఏమీ అడగలేను కదా. జుట్టు మళ్ళీ వస్తుందా అని కూడా అడగలేదు, అడిగితే గుట్టు బయటపడుతుందని.

బడి సంగతి. స్టెరాయిడ్ మాత్రలు వేసుకునే రోజుల్లో అర్ధరాత్రి లేచి పులిహోర కావాలని గోల చేసేదాన్ని. మొహం గుండ్రంగా ఉబ్బిపోయింది. చిన్న మాటకే కోపం, ఐదు నిమిషాలకి ఏడుపు. అది నా గుణం కాదు, మందు గుణం అని ఒక్కరు చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. మీవాడికి ఇప్పుడు ఆ మాత్రలు ఉంటే వాడికి, చెల్లెలో తమ్ముడో ఉంటే వాళ్ళకి కూడా చెప్పండి. విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ల వల్ల నా వేళ్ళు పట్టు తప్పాయి. పెన్ను జారిపోయేది. సోషల్ టీచర్ నోట్సు చూసి "రాత ఇలా తయారైందేంటి, బద్ధకమా" అన్నారు. ఆవిడ చెడ్డావిడ కాదు, ఆవిడకి ఎవరూ చెప్పలేదంతే.

ఒకమ్మాయి నా వాటర్ బాటిల్ ముట్టుకోలేదు. అది ఇప్పటికీ గుర్తే. కానీ అంతకన్నా విసుగు తెప్పించింది జాలి. మెట్లెక్కుతుంటే అయ్యో పాపం, టిఫిన్ డబ్బా తీస్తే అయ్యో పాపం. లెక్కల సార్ ఒక్కరే హోంవర్క్ చేయలేదని అందరితోపాటు నన్నూ తిట్టారు. ఆ రోజు ఇంటికొచ్చి సంతోషంగా అన్నం తిన్నాను.

పటమట పెద్దాయన (విజయవాడ)

అందరూ చెప్పేయమనే అంటారు. నేను ఒప్పుకోను. మా నాన్నగారికి డెబ్బై ఎనిమిదో ఏట వచ్చింది. చెప్పలేదు. చివరిదాకా మనవలతో చతుర్లాడుతూ, రేడియో వింటూ వెళ్ళిపోయారు. చెప్పి ఉంటే ఆ రోజే మంచం పట్టేవారు. మన ఇళ్ళలో ధైర్యం మనిషికి విడిగా ఉండదు, ఇంటిల్లిపాదీ కలిసి మోస్తారు. పుస్తకాల్లో రాసిందల్లా పిల్లాడి నెత్తిన వేయకండి.

కొత్తపేట పిన్ని (గుంటూరు)

ఆడపిల్ల అయితే ఇంకా జాగ్రత్తమ్మా. మగపిల్లాడు కాబట్టి పర్లేదు. మా ఆడపడుచు కూతురికి ఇలాగే వస్తే కామెర్లని చెప్పి చెన్నైలో చూపించుకొచ్చారు. బంధువుల్లో ఎవరికీ తెలియనివ్వలేదు. రేపు సంబంధాలు రావద్దూ?

మైక్రోస్కోప్

పిన్నీ, మీరు ప్రేమతోనే రాశారని తెలుసు. కానీ ఆ అమ్మాయి ఏ స్నేహితురాలి దగ్గరా నోరు విప్పి ఉండదు, అది ఆలోచించండి. పెళ్ళి గురించి నా మాట నేను చెప్తాను. దాచి చేసుకుంటే ప్రతి చెకప్‌కీ ఓ అబద్ధం చెప్పాలి. అంత ఓపిక నాకు లేదు. తెలిసే వచ్చేవాడు వస్తాడు, లేకపోతే నా ఉద్యోగం నాకుంటుంది.

డే కేర్ సిస్టర్ (విజయవాడ)

కీమో వార్డులో పనిచేస్తాను. పెద్దాయనగారూ, పెద్ద వయసు వాళ్ళ సంగతి వేరు, వాళ్ళలో తెలుసుకోవాలని లేనివాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళ ఇష్టం మేరకే మేమూ నడుచుకుంటాం. పదమూడేళ్ళ పిల్లాడి విషయంలో మాత్రం నాకున్న భయం మనసు గురించి కాదు, మాత్రల గురించి.

మెయింటెనెన్స్ అంటే మెర్కాప్టోప్యూరిన్ రోజూ, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి. (ఆ రెండోది పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదకి వస్తుంది. వారంలో ఏ రోజో క్యాలెండర్ మీద రాసి గోడకి తగిలించండి.) మొత్తం వైద్యం రెండు నుంచి మూడేళ్ళు సాగుతుంది. ఈ దశలో పిల్లలు పైకి మామూలుగానే ఉంటారు. ఆడతారు, తింటారు. "నాకు తగ్గిపోయిందిగా, ఇంకా ఈ మాత్రలెందుకు" అంటారు. జబ్బేమిటో తెలియని కుర్రాడు మాత్ర కిటికీలోంచి పడేస్తాడు, అమ్మకి వేసుకున్నానని చెప్తాడు. మాత్రలు మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. ఇన్‌ఫెక్షన్ అని చెప్పిన పిల్లాడితో ఇంత కాలం రోజూ మాత్ర ఎలా మింగిస్తారు? కొన్నాళ్ళకి మీ చేయి దాటిపోతాడు.

ఎలా చెప్పాలంటే, ఒకే రోజు కూర్చోబెట్టి మొత్తం చెప్పక్కర్లేదు. ముందు వాడికి ఏం తెలుసో అడగండి. "నీ జబ్బు గురించి నువ్వేం అనుకుంటున్నావు నాన్నా?" అంటే చాలు, సగం వాడే చెప్తాడు. ఎముకల్లో మూలుగ అని ఉంటుంది, రక్తకణాలు అక్కడే తయారవుతాయి, కొన్ని కణాలు పెరిగి పెద్దవకుండా గుంపులు కట్టేశాయి, అందుకే జ్వరం, అందుకే కాళ్ళ నొప్పి. పేరు లుకేమియా, అది ఒక రకం రక్త క్యాన్సర్, మందులు బాగా పనిచేస్తున్నాయి. అబద్ధం ఏమీ లేదు ఇందులో. సంపన్న దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో పది మందికి దాదాపు తొమ్మిది మంది బతికి బట్టకడుతున్నారు. చచ్చిపోతానా అని అడిగితే మాట మార్చకండి. "అలా కాకూడదనే ఈ మందులు, డాక్టర్లకి నమ్మకం ఉంది" అనండి. తెలియనిదానికి తెలియదనే చెప్పండి. మీకు నోరు రాకపోతే డాక్టరుగారినే చెప్పమని అడగండి, మీరు పక్కన ఉండండి.

ఇంట్లో ఇంకో బిడ్డ ఉందా?

బ్రాడీపేట అమ్మ

ఉందండి సిస్టర్. పాప, మూడో తరగతి. అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ అమ్మమ్మగారింట్లో వదిలేశాం. మొన్న "నాకూ జ్వరం వస్తే బాగుండు" అంది. ఒక్కటిచ్చాను. తర్వాత నేనే ఏడ్చాను.

మా అత్తగారు ఎవరి దిష్టో అంటారు, ఇంకొకరు బొప్పాయి ఆకు రసం అంటారు, పక్కింటావిడ ఎవరో స్వామీజీ వీడియో పంపుతుంది. మావారైతే ఈ మాట ఎత్తగానే చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోతారు. పిల్లాడికి చెప్పడం మాట అటుంచండి, ముందు ఆయనతో మాట్లాడేదెలా?

డే కేర్ సిస్టర్

ఆ వయసు పిల్లలు అన్నయ్యతో గొడవ పడ్డాను, తిట్టాను, అందుకే జబ్బొచ్చింది అనుకుంటారు. పైకి చెప్పరు. "నీ వల్ల కాదు, ఎవరి వల్లా కాదు" అని పాపకి విడిగా ఒకసారి చెప్పండి. దిష్టి మాట వాళ్ళిద్దరి ముందు అనొద్దని అత్తగారికి నచ్చజెప్పండి, దిష్టి తీయడం వరకు తీయనివ్వండి, దానివల్ల నష్టం లేదు. ఆకు రసాలు మాత్రం డాక్టరుకి చెప్పకుండా ఒక్క చుక్క కూడా వద్దు, లివర్ మీద మందుల భారం ఇప్పటికే ఉంది.

మిర్చియార్డు నాన్న (గుంటూరు)

అక్కా, మీ ఆయన గురించి నేను చెప్తాను. మా పాపకి కిడ్నీలో గడ్డ, విల్మ్స్ ట్యూమర్ అన్నారు. వైద్యం అయిపోయింది, ఇప్పుడు బాగుంది. ఆ రోజుల్లో నేనూ చెప్పులేసుకునే బ్యాచే. యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) లెక్కపెడుతూ లెక్క తప్పేవాడిని. ఇంటికెళ్తే పాప మొహం చూడాలి, చూస్తే ఏడుపొస్తుంది, మగాడు ఏడిస్తే ఇల్లు కుంగిపోతుందని ఎవరో నూరిపోశారు కదా చిన్నప్పుడే.

మావాళ్ళు కూర్చోబెట్టి మాట్లాడమంటే ఒక్క మాట వచ్చేది కాదు. పని చెప్తే చేసేవాడిని. మీరూ అదే చేయండి. డాక్టర్ ఉత్తరం తెచ్చే పని ఆయనకి పెట్టండి, హైదరాబాద్ వెళ్ళాల్సి వస్తే రైలు రాయితీ ఫారం ఆయన్నే నింపమనండి. క్యాన్సర్ పేషెంట్‌కి స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళేవాళ్ళకి ముప్పావు వంతు తగ్గింపు. ఆసుపత్రివాళ్ళు సంతకం పెట్టిన సర్టిఫికెట్ కావాలి. వైద్యసేవ కార్డు పని కూడా ఆయనకే ఇవ్వండి. ఇప్పుడు మన గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లోనే నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. వెనకటిలా ప్రతిదానికీ ఊరు దాటక్కర్లేదు. ఆ కాగితాల వెంట తిరిగేటప్పుడు వరండాలో ఇంకో తండ్రి కనిపిస్తాడు. నాకు నోరు తెరుచుకుంది అక్కడే, టీ బంకు దగ్గర.

అదీ కుదరకపోతే 14416, టెలీమానస్ అని మనసు బాధలు చెప్పుకునే ఫోన్ నంబరు. 2022లో కేంద్రం పెట్టింది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులడగరు. నేను చేశాను. గోడకి చెప్పుకున్నట్టు ఉంటుందనుకున్నా, అలా లేదు.

తొమ్మిది బి టీచరు (విజయవాడ)

ప్రైవేటు స్కూల్లో క్లాస్ టీచర్‌ని. మా క్లాసులోకి ఇలా ఒకబ్బాయి తిరిగొచ్చాడు. వాడు వచ్చే ముందు రోజు నేను పావుగంట పిల్లలతో మాట్లాడాను. అంతకన్నా ముందు వాడికే ఫోన్ చేసి "ఏం చెప్పమంటావు, ఏం చెప్పొద్దంటావు" అని అడిగాను. పోర్ట్ (మందులు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం) గురించి చెప్పొద్దన్నాడు. జుట్టు గురించి చెప్పండి, ఎవరూ టోపీ లాగొద్దని చెప్పండి అన్నాడు. ఆ మాట మీదే నడిచాను.

పిల్లలు అడిగినవి సూటిగా ఉన్నాయి. అంటుకుంటుందా, మాతో క్రికెట్ ఆడతాడా, వాడికి పరీక్షలుంటాయా, చచ్చిపోతాడా. పెద్దవాళ్ళలా చాటున గుసగుసలాడకుండా మొహం మీద అడిగేశారు, జవాబు చెప్పాను, అయిపోయింది. రెండు వారాల్లో మామూలైపోయారు. పేరెంట్స్ గ్రూపులో మాత్రం ఆ చర్చ తెమల్లేదు, అది వేరే కథ!

చదువు దగ్గర ఒకటి గమనించండి. వెన్నులో ఇచ్చే ఇంజెక్షన్ల తర్వాత కొంతమంది పిల్లలకి ఏకాగ్రత, లెక్కల్లో వేగం తగ్గుతాయట. మావాడు తెలివైనవాడే, జవాబు వచ్చేది, కానీ ఆలస్యంగా వచ్చేది. నోటి లెక్కల్లో అందరికన్నా వెనక. ముందు నాకూ అర్థం కాలేదు, వాళ్ళమ్మ ఆసుపత్రి నుంచి రాయించుకొచ్చాక తెలిసింది. యూనిట్ టెస్టుల్లో కొంచెం ఎక్కువ టైమిచ్చాం, బోర్డు మీది నోట్సు ఫొటో తీసి పంపేవాళ్ళం, కాపీ చేయమని అడగలేదు. మార్కులు దానం చేయకండి అని వాడే అన్నాడు, బాగా గట్టివాడు. పదో తరగతికి చేతిరాత సమస్య మిగిలితే స్క్రైబ్ (వాడు చెప్తుంటే పరీక్ష రాసిపెట్టే మనిషి) కోసం పరీక్షల ముందు కాదు, స్కూలు మొదలైన నెలల్లోనే దరఖాస్తు పని మొదలుపెట్టాలి.

బ్రాడీపేట అమ్మ

అందరికీ దండాలు. కొంచెం ఆలస్యమైంది.

మావారే చెప్పారు! డాక్టరుగారి ఉత్తరం తేవడానికి ఆయన్నీ బాబునీ పంపాను. డాక్టరుగారు గదిలో ఇద్దరికీ కలిపి బొమ్మ గీసి మొదలుపెట్టారట, దారిలో బండి ఆపి మిగతాది మావారు చెప్పారట. వాడు ఏడుస్తాడనుకున్నాం. కోపం వచ్చింది. జబ్బు మీద కాదు. వాడి స్నేహితుడొకడు చూడ్డానికి ఇంటికొస్తే అమ్మమ్మగారి ఊరెళ్ళాడని చెప్పి పంపేశాం. "వాడు రాలేదని ఇన్నాళ్ళు వాడితో మాట్లాడ్డం మానేశాను" అని మా ఇద్దరితోనూ రెండు రోజులు పలకలేదు. తర్వాత తనే ఫోన్ చేసి వాణ్ణి పిలిపించుకున్నాడు.

క్లాసుకి ఏం చెప్పాలో కూడా వాడే తేల్చాడు. క్లాస్ సార్‌కి, ఇద్దరు స్నేహితులకి మొత్తం తెలియాలట. మిగతావాళ్ళకి "రక్తానికి సంబంధించిన జబ్బు, అంటదు, తగ్గుతోంది" అని చాలట. అడిగితే అప్పుడు చూసుకుంటాడట. క్యాన్సర్ అని ఇప్పుడే అందరికీ చెప్పడం వాడికి ఇష్టం లేదు. మరి ఇది కూడా దాచడమేనా అని నాకు ఒక అనుమానం.

మైక్రోస్కోప్

కాదు ఆంటీ. మీరు వాడి దగ్గర దాస్తే దాచడం. వాడి విషయం వాడు ఎవరికి చెప్పుకుంటాడో అది వాడిష్టం. నేను కాలేజీలో ఇద్దరికే చెప్పాను.

పటమట పెద్దాయన

నా అభిప్రాయం నాదే. అయితే ఆ స్నేహితుడి సంగతి చదివాక మా నాన్నగారి దోస్తులు ఆ ఆఖరు రోజుల్లో ఎందుకు తగ్గిపోయారా అని ఆలోచనలో పడ్డాను. వాళ్ళని మేమే రానివ్వలేదు.

బ్రాడీపేట అమ్మ

స్కూలు వాళ్ళు ఉత్తరం చూసి పొద్దున పూట మాత్రం పంపమన్నారు. కానీ ఒక అండర్‌టేకింగ్ మీద సంతకం పెట్టమంటున్నారు. "విద్యార్థికి ఏం జరిగినా పాఠశాలకు ఎలాంటి సంబంధం లేదు, యాజమాన్యం ఎప్పుడు కోరినా టీసీ తీసుకుంటాము" అని ఉంది. పెట్టాలా సార్?

రిటైర్డ్ హెచ్చెమ్

రెండో ముక్క కొట్టేయమనండి అమ్మా, అది ఉంటే సంతకం వద్దు. మొదటి ముక్క స్థానంలో "జ్వరం లేదా రక్తస్రావం కనిపిస్తే పాఠశాల వెంటనే తల్లిదండ్రులకు తెలియజేస్తుంది, తల్లిదండ్రులు వెంటనే వచ్చి తీసుకువెళతారు" అని రాయించండి. ఇద్దరి బాధ్యతా అందులో ఉంటుంది. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఒప్పుకోకపోతే నాకు మెసేజ్ పెట్టండి, గుంటూరు వచ్చి నేనే మాట్లాడతాను.

డే కేర్ సిస్టర్

ఆ కాగితంలో ఇంకో వాక్యం చేర్చండి సార్. క్లాసులో ఎవరికైనా ఆటలమ్మ గానీ తట్టు గానీ వస్తే అదే రోజు ఈ అమ్మకి చెప్పాలి. ఆటలమ్మ చలికాలం చివర నుంచి వేసవి దాకా ఎక్కువ. మందుల మీద ఉన్న పిల్లలకి అది ప్రమాదం, కానీ వెంటనే తెలిస్తే ఆసుపత్రిలో చేయగలిగింది ఉంటుంది. రేపు చూద్దాంలే అనుకోకూడదు. జ్వరం 100.4 దాటితే ఇంట్లో పారాసెటమాల్ వేసి కూర్చోకుండా నేరుగా రండి, అర్ధరాత్రయినా సరే. పాపకి స్కూల్లో ఏ టీకా వేస్తామన్నా ముందు బాబు డాక్టరుని అడగండి.